పిల్లలకు ఏ తిండి పడట్లేదో తేల్చుకోవడం ఎలా?

ఏడాదిగా దగ్గు తగ్గని పిల్లాడు, మోచేతి మడతల్లో దురదతో రాత్రిళ్లు నిద్రపోని పాప, వారంలో రెండు రోజులు కడుపునొప్పితో బడి మానేసే పిల్ల. ఇలాంటి బిడ్డ ఇంట్లో ఉంటే మందులతో పాటు సలహాలు కూడా వచ్చి పడతాయి. వంకాయ మాన్పించమని ఒకరు, గుడ్డు వేడి అని ఇంకొకరు, పాలు ఆపితే కఫం పోతుందని మరొకరు. అందరి మాటా వింటూ పోతే చివరికి కంచంలో అన్నం, చారు మిగులుతాయి. బిడ్డ బరువు తగ్గుతుంది, జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

నల్లగొండ, పాలమూరు వైపు ఉండే తల్లిదండ్రుల కోసం, మన వంటింట్లో ఉండే తిండితోనే ఈ పని వరసగా ఎలా చేయాలో రాస్తున్నాను. ఒక్క మాట ముందే గట్టిగా చెప్పాలి. ఏదైనా మాన్పించడం సగం పనే. మాన్పించాక బిడ్డకు నెమ్మదించిందంటే, దాన్ని మళ్లీ పెట్టి చూడాలి. అప్పుడే అది నిజంగా పడట్లేదో, జబ్బు దానంతట అదే తగ్గిందో తెలుస్తుంది. ఈ రెండో సగం చేసే వీలు లేకపోతే మొదటి సగం మొదలుపెట్టకండి.

ముందు ఇది చూడండి: ఎవరికి ఇంట్లో చేయకూడదు

ఏదైనా తిన్న నిమిషాల్లోనో రెండు గంటల లోపో ఒంటి మీద దద్దుర్లు లేచినా, పెదవులూ కళ్లూ వాచినా, పిల్లికూతలు వచ్చినా, ఆగకుండా వాంతులైనా, బిడ్డ సొమ్మసిల్లినా అది వేరే లెక్క. దాన్ని మళ్లీ పెట్టి చూద్దామని ఇంట్లో అస్సలు అనుకోవద్దు. ఆ పదార్థం పూర్తిగా ఆపి పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ఊపిరి అందకపోయినా, గొంతు మారినా, స్పృహ తప్పుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం కాపాడేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. అవిల్, సెట్రిజిన్ దురద తగ్గిస్తాయి కానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేవు. అంబులెన్స్ వచ్చేదాకా బిడ్డను పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఊపిరి ఆడక అవస్థ పడుతుంటే కూర్చోబెట్టండి. లేపి నడిపించవద్దు.

ఏడాది నిండని పసివాళ్లకు, బరువు పెరగని పిల్లలకు, షుగర్, కిడ్నీ, ఫిట్స్ లాంటి జబ్బులకు ఇప్పటికే ప్రత్యేకమైన తిండి తింటున్న పిల్లలకు, ఆస్తమా అదుపులో లేని పిల్లలకు డాక్టర్, డైటీషియన్ చెప్పిన ప్రకారమే చేయాలి. తల్లిపాలు తాగే బిడ్డకు మలంలో రక్తపు చారలు కనిపించాయని తల్లిపాలు ఆపించేవాళ్లున్నారు. అది చేయకండి. అలాంటప్పుడు డాక్టర్ సాధారణంగా తల్లినే కొన్నాళ్లు పాలు, పెరుగు మానమంటారు. బిడ్డకు తల్లిపాలు నడుస్తూనే ఉంటాయి.

1. తిండి మీద అనుమానం పెట్టుకునే ముందు మిగతావి తేల్చుకోండి

కడుపునొప్పి అంటే తిండి పడట్లేదనే అర్థం కాదు. పిల్లల్లో చాలాసార్లు అది మలబద్ధకం, నులిపురుగులు, జియార్డియా లాంటి క్రిములు, మూత్రంలో ఇన్ఫెక్షన్. రక్తపరీక్ష, మల పరీక్ష, మూత్ర పరీక్ష ముందు చేయించండి. బడిలో నులిపురుగులకు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర బిడ్డ వేసుకున్నాడో లేదో కనుక్కోండి. బరువు తగ్గుతూ సాయంత్రం జ్వరం, దగ్గు ఉంటే టీబీ పరీక్ష కూడా కావాలి.

ఆస్తమా ఒక్కటే ఉండి, వేరే లక్షణాలేవీ లేకపోతే దానికి తిండి కారణం కావడం అరుదు. మన వైపు అయితే దుమ్ము, పొగ, బూజు ముందు చూడాలి. మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల ఊక దుమ్ము, కోతల తర్వాత కాలే వరిగడ్డి, అమ్మకానికి ముందు ఇంటి గదిలోనే పోసిపెట్టే పత్తి, కట్టెల పొయ్యి, ఇంట్లో కాల్చే బీడీ. వీటిని వదిలేసి గుడ్డు మీద పడితే బిడ్డకు గుడ్డు పోతుంది, దగ్గు ఉండిపోతుంది.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు లాంటి ఫ్లోరైడ్ ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే కడుపులో నొప్పి, వికారం కూడా రావచ్చు. నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. భగీరథ నల్లా ఉన్నా పొలం దగ్గర బోరు నీళ్లు తాగే పిల్లలు ఉంటారు కాబట్టి బిడ్డ రోజంతా ఏ నీళ్లు తాగుతున్నాడో అడగండి. ఫ్లోరైడ్ ఉన్నచోట తిండిలో క్యాల్షియం తగ్గితే ఎముకలకు నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే ఈ ఊళ్లలో పాలు మాన్పించే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

గోధుమ మీద అనుమానం ఉంటే మాత్రం చపాతీ ఆపకముందే సీలియాక్ పరీక్ష చేయించండి. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగులు దెబ్బతినే జబ్బు సీలియాక్. ఇది టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష, దాంతో పాటు మొత్తం ఐజీఏ కూడా చూస్తారు. బిడ్డ రోజూ గోధుమ తింటున్నప్పుడే ఇది సరిగ్గా పట్టుకుంటుంది. నెల రోజులు గోధుమ ఆపి వెళ్తే జబ్బు ఉన్నా రిపోర్టు నార్మల్ అని రావచ్చు. అన్నం తినే మన ఇళ్లలో ఈ జబ్బు ఉత్తరాదితో పోలిస్తే తక్కువే. కానీ టైప్ 1 షుగర్, థైరాయిడ్ జబ్బు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి పిల్లాడు బరువు పెరగకుండా, రక్తం తక్కువై, పొట్ట ఉబ్బి ఉంటే ఈ పరీక్ష అడిగి మరీ చేయించుకోండి.

2. ఏ టెస్టుకు డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు

అలర్జీకి పనికొచ్చే టెస్టులు రెండు. ఒకటి చర్మం మీద చుక్క వేసి సన్నగా గుచ్చే స్కిన్ ప్రిక్ టెస్టు. పావుగంట, ఇరవై నిమిషాల్లో అక్కడ దోమ కుట్టినట్టు బొబ్బ లేస్తుందేమో చూస్తారు. సెట్రిజిన్ లాంటి సిరప్ వాడుతుంటే దీని ఫలితం తప్పుతుంది. కొన్ని రోజులు ముందే ఆపాలి, ఎన్ని రోజులో డాక్టర్‌ను అడగండి. రెండోది రక్తంలో చూసే స్పెసిఫిక్ ఐజీఈ, అంటే ఒక్కో తిండికి అలర్జీ చూపించే యాంటీబాడీని కొలిచే పరీక్ష. దీనికి సిరప్ ఆపక్కర్లేదు.

ఈ రెండింట్లో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ తిండి పడదని తేల్చేయకూడదు. పల్లీకి పాజిటివ్ వచ్చిన పిల్లాడు రోజూ పల్లి చట్నీతో ఇడ్లీ తింటూ హాయిగా ఉంటే, అతనికి పల్లీ పడుతున్నట్టే. బాగా తింటున్నదాన్ని కాగితం చూసి ఆపకండి. అందుకే ఏ అనుమానమూ లేకుండా ముప్పై నలభై పదార్థాలకు ఒకేసారి ఐజీఈ చేయించడం మంచిది కాదు. ఏం తింటే ఏమైందో డాక్టర్‌కు చెప్పి, అనుమానం ఉన్న ఒకటి రెండింటికే చేయించాలి.

ఇక ఫుడ్ సెన్సిటివిటీ టెస్టు, ఫుడ్ ఇంటాలరెన్స్ ప్యానెల్ అని అమ్మేది ఐజీజీ టెస్టు. వేల రూపాయలు తీసుకుని రంగురంగుల కాగితాలు ఇస్తారు. ఎరుపు గడిలో పాలు, గోధుమ, గుడ్డు, శనగ. పసుపు గడిలో బియ్యం, టమాట, పల్లీ. ఆకుపచ్చ గడిలో మన ఊళ్లో ఎప్పుడూ చూడని చేపలు, పండ్లు. ఒక్కసారి ఆ కాగితాన్ని నిదానంగా చూడండి. ఎర్రగా ఉన్నవన్నీ బిడ్డ రోజూ తినేవే, పచ్చగా ఉన్నవన్నీ ఎన్నడూ తిననివే. కారణం ఏమిటంటే, ఐజీజీ అనేది ఆ తిండి ఒంటికి పరిచయం అయిందని చెప్పే గుర్తు. తరచూ తినే వాటికి అది ఉండడం ఆరోగ్యమే. యూరప్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా అలర్జీ డాక్టర్ల సంఘాలన్నీ తిండి పడకపోవడాన్ని తేల్చడానికి దీన్ని వాడొద్దని చెప్పాయి. వెంట్రుకలు పంపించి చేసేది, చేతిలో సీసా పెట్టి బలం చూసేది, యంత్రం పట్టుకోబెట్టి చూసేది కూడా పనికిరావు. ఆ డబ్బుతో బిడ్డకు నెలనెలా గుడ్లు, పాలు, పండ్లు వస్తాయి.

ఆలస్యంగా వచ్చే బాధలకు, అంటే మర్నాడు పెరిగే దురదకో, గంటల తర్వాత వచ్చే కడుపునొప్పికో, నమ్మదగిన రక్తపరీక్ష లేదు. దానికి మీ ఇంట్లో చేసే ఈ మాన్పించి, మళ్లీ పెట్టి చూడడమే పరీక్ష.

3. రెండు వారాలు ఏదీ మాన్పించకుండా రాయండి

వంద పేజీల నోట్‌బుక్ చాలు. గీతలు కొట్టి ఐదు గడులు చేయండి: సమయం, తిన్నది తాగింది, బాధ, మలం, ఆ రోజు వేరే సంగతులు. చివరి గడి చాలామంది వదిలేస్తారు, నిజానికి అసలు జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

మా ఆడపడుచు కొడుక్కి గుడ్డు తిన్న రోజే దగ్గు వస్తోందని ఇంట్లో అందరి అనుమానం. ఆమె రాసిన పేజీలు ఇలా ఉన్నాయి: "సోమవారం, బడిలో గుడ్డు, రాత్రి బాగానే పడుకున్నాడు. బుధవారం, గుడ్డు, ఏమీ లేదు. గురువారం, గుడ్డు లేదు, పత్తి తెచ్చి ముందు గదిలో పోశాం, రాత్రి రెండింటికి లేచి దగ్గు. శుక్రవారం, గుడ్డు, దగ్గు. శనివారం, గుడ్డు లేదు, దగ్గు." బడిలో గుడ్డు ఎప్పటిలాగే వస్తోంది, కొత్తగా వచ్చింది పత్తి. పత్తిని కొట్టంలోకి మార్చారు. గుడ్డు జోలికి వెళ్లే అవసరమే రాలేదు.

బాధకు మార్కులు వేయండి, లేదంటే "కొంచెం తగ్గినట్టుంది" అనే మాట దగ్గరే ఆగిపోతారు. దురదకు సున్నా నుంచి పది. రాత్రి ఎన్నిసార్లు లేచింది, మలానికి ఎన్నిసార్లు వెళ్లింది, బడి ఎన్ని రోజులు పోయింది అనేవి అంకెల్లో రాయండి. చర్మం మీద మచ్చలుంటే ఒకే చోట, ఒకే వెలుతురులో వారానికోసారి ఫోన్‌లో ఫొటో తీయండి.

ఈ రెండు వారాల్లో ఒక్క మార్పు చేయొచ్చు. ప్యాకెట్ చిప్స్, రంగు పుల్ల ఐస్‌లు, కూల్ డ్రింకులు, డబ్బా జ్యూసులు, పిల్లలకు ఇచ్చే చాయ్ ఆపేయండి. వీటిని తీసేస్తే బిడ్డకు పోయే బలం ఏమీ లేదు. జ్యూసుల వల్ల చిన్నపిల్లలకు నీళ్ల విరేచనాలు అవుతాయి, చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కొందరికి ఇక్కడే సగం బాధ తగ్గిపోతుంది.

4. ఒక్కదాన్నే ఎంచుకోండి

నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఎక్కువసార్లు బాధకు ముందు కనిపించినదాన్ని గుర్తించండి. ఒక్కటి. మహా అయితే రెండు, అదీ డాక్టర్ చెబితే. పాలు, గుడ్డు, గోధుమ, పల్లీ, శనగపిండి అన్నీ ఒకేసారి ఆపితే బిడ్డ తినడానికేమీ ఉండదు. ఒకవేళ తగ్గినా దేనివల్ల తగ్గిందో మీకు తెలియదు.

పాల విషయంలో ముందు ఒక తేడా చూసుకోండి. గ్లాసు పాలు తాగితే ఉబ్బరం, గ్యాస్, నీళ్ల విరేచనం అయి, పెరుగన్నం తింటే ఏమీ కాకపోతే అది చాలావరకు పాలలోని చక్కెర అరగకపోవడం. విరేచనాలతో పడిలేచిన పిల్లలకు ఇది కొన్ని వారాలు ఉండి పోతుంది. పాల మోతాదు తగ్గించి పెరుగు కొనసాగిస్తే సరిపోతుంది. పాల ప్రొటీన్ పడకపోతే మాత్రం పెరుగు, మజ్జిగ, పాలపొడి అన్నీ ఆపాలి. ఆవు పాలు పడట్లేదని బర్రె పాలకో, మేక పాలకో మార్చడం మన ఊళ్లలో మామూలు. వాటి ప్రొటీన్లు దగ్గర దగ్గరగా ఒకటే కాబట్టి ఉపయోగం ఉండదు.

మొదలుపెట్టే రోజు కూడా ఆలోచించి ఎంచుకోండి. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో, ఇంట్లో పెళ్లి ఉన్నప్పుడు, చెర్వుగట్టు జాతరకో కురుమూర్తి జాతరకో వెళ్లే వారంలో వద్దు. సద్దుల బతుకమ్మ నాడు పల్లి సద్ది, నువ్వుల సద్ది ఇంటింటికీ పంచుతుంటే పిల్లను ఆపడం ఎవరి తరం? నాట్లు, కోతల రోజుల్లో మీరు పొద్దున్నే పొలం పోయి బిడ్డ పక్కింట్లో తింటుంటే అదీ కుదరదు. గురుకులంలోనో హాస్టల్‌లోనో చదివే పిల్లలకు వేసవి సెలవులే అనువు. పనికి వలస వెళ్లే కుటుంబాలు ఊళ్లో ఉన్న నెలల్లో పెట్టుకోండి.

5. దాక్కున్నవాటిని వెతకండి

"మేం ఆపేశాం, అయినా తగ్గలేదు" అనే ఇళ్లలో చాలాసార్లు ఆ పదార్థం ఇంకో రూపంలో లోపలికి పోతూనే ఉంటుంది.

మన వంటలో పల్లీ లేని చోటు తక్కువ. గుత్తి వంకాయ మసాలా, కూరల్లో చల్లే పొడి, టిఫిన్ చట్నీ, పులిహోర, సర్వపిండి, పల్లి పట్టీ అన్నిట్లోనూ ఉంటుంది. రిఫైన్డ్ పల్లి నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు, గానుగ నూనెలో మిగులుతుంది. అందుకే పల్లీ మానితే గానుగ నూనె కూడా మార్చాలి. నువ్వులైతే సకినాలు, సర్వపిండి, పచ్చిపులుసులో కలిపే నువ్వుల పొడి, బేకరీ బన్ను.

గోధుమ అంటే చపాతీ ఒక్కటే కాదు. మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బ్రెడ్డు, బిస్కెట్లు, మలీద ముద్దలు, హార్లిక్స్ లాంటి మాల్టు పొడులు. ఇంగువ డబ్బా వెనక చూడండి, చాలావాటిలో గోధుమ పిండో మైదానో కలిసి ఉంటుంది. జొన్న రొట్టె, తైద (రాగి) అంబలి, కొర్రలు భేషుగ్గా తినొచ్చు. కానీ గిర్నీలో గోధుమలు పట్టించిన వెంటనే మీ జొన్నలు పట్టిస్తే ఆ పిండి కలిసే వస్తుంది. మామూలు అనుమానానికి ఇది పెద్ద విషయం కాదు. సీలియాక్ అని తేలిన బిడ్డకు మాత్రం చాలా పెద్ద విషయం. అలాంటి ఇంట్లో జొన్నలు కడిగి ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీలో పట్టుకోవడం మేలు.

పాలు బిస్కెట్లలో, బ్రెడ్డులో, చాక్లెట్‌లో, స్వీట్లలో ఉంటాయి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి మూడూ ఉంటాయి. ప్యాకెట్ మీద మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్ అని ఉంటే పాలే. మన దేశంలో 2020 లేబుల్ నిబంధనల ప్రకారం గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్యల జాతి, పల్లీ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా ఉంటే ప్యాకెట్ మీద విడిగా చెప్పాలి. నువ్వులు, శనగ ఆ జాబితాలో లేవు. వాటి కోసం పదార్థాల వరస మొత్తం చదవాలి.

బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కలకు, క్లాస్ టీచర్‌కు, అంగన్‌వాడీ టీచర్‌కు ముందే చెప్పండి. కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి: ఏది వద్దు, ఎప్పటిదాకా వద్దు, బదులు ఏం తినొచ్చు. తేదీ రాస్తే వాళ్లకూ నమ్మకం కుదురుతుంది. ఇంట్లో నాయనమ్మకు చెప్పడం అన్నిటికంటే కష్టం. "గింతంత పెడితే ఏమైతది బిడ్డా, పోరడు అడుగుతుండు" అంటుంది ప్రేమకొద్దీ. ఆమెను పక్కన పెట్టకుండా నోట్‌బుక్ పని ఆమెకే అప్పజెప్పండి. చదువు రాకపోతే ఆమె చెబుతుంటే పెద్ద పిల్లలు రాస్తారు. తాను చూసుకుంటున్న లెక్క తానే చెడగొట్టుకోదు.

6. తీసినదానికి బదులు పెట్టండి

ఖాళీ కంచం పథ్యం కాదు. ఏది తీస్తే దాని బలం ఇంకో చోటు నుంచి అదే రోజు రావాలి.

పాలు తీస్తే క్యాల్షియం చూసుకోవాలి. 2020లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు 1–3 ఏళ్ల పిల్లలకు 500 మిల్లీగ్రాములు, 4–6 ఏళ్లకు 550, 7–9 ఏళ్లకు 650, 10–12 ఏళ్లకు 850 కావాలి. గ్లాసు పాలలో సుమారు 240 వస్తుంది. తైదల్లో 100 గ్రాములకు 350 దాకా ఉంటుంది. 10 గ్రాముల నువ్వుల్లో 100 పైనే ఉంటుంది. పొద్దున తైద జావ, మధ్యాహ్నం మునగాకు పప్పు, సాయంత్రం నువ్వుల ఉండ అంటే కొంతవరకు సర్దుకోవచ్చు. చిన్నపిల్లలు అంత తినలేరు కాబట్టి డాక్టర్‌ను అడిగి క్యాల్షియం, విటమిన్ డి చుక్కలు రాయించుకోండి.

గుడ్డు తీస్తే పెసరపప్పు, ఉడికించిన శనగలు, చేప, చికెన్, పెరుగు పెంచండి. గోధుమ తీస్తే మనకు ఇబ్బందే లేదు. అన్నం, జొన్న, సజ్జ, తైద, కొర్రలు ఎన్ని లేవు! పల్లీ తీస్తే కూరలో నూనె ఒక చెంచా ఎక్కువ వేయండి. లేదంటే ఆ పిల్లకు అందే కొవ్వు ఒక్కసారిగా పడిపోతుంది.

వారానికోసారి అంగన్‌వాడీలోనో ఆరోగ్య ఉపకేంద్రంలోనో ఒకే తూకం మీద బరువు చూడండి. రెండు వారాలు వరసగా బరువు తగ్గితే ఈ ప్రయత్నం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మందులు మాత్రం ఏవీ ఆపకూడదు. ఇన్‌హేలర్, చర్మానికి రాసే మందు, ఫిట్స్ మందు, థైరాయిడ్ మాత్ర అన్నీ అలాగే నడవాలి. "తిండితోనే తగ్గుతోంది కదా" అని ఇన్‌హేలర్ ఆపడం ప్రమాదం.

ఎన్ని రోజులు? కడుపు బాధలకు రెండు వారాలు, చర్మానికి మూడు నాలుగు వారాలు. నాలుగు వారాలు దాటి ఇంట్లో మీ అంతట మీరు పొడిగించకండి. ఆ లోపు మార్కులు మారలేదంటే ఆ తిండి తప్పు లేదు. కింద ఏడో మెట్టులో చెప్పిన జాగ్రత్తలతో దాన్ని తిరిగి ఇవ్వడం మొదలుపెట్టండి, మాన్పించినప్పుడు ఎవరెవరికి చెప్పారో వాళ్లందరికీ కూడా చెప్పండి.

ఇంట్లో అందరూ కనీసం ఒక పూట బిడ్డ తినేదే తినండి. మిగతా పిల్లలు గుడ్డు తింటూ ఆ ఒక్కడే చూస్తూ కూర్చునే పరిస్థితి రానివ్వకండి. ఇప్పటికే మందులతో విసిగిన బిడ్డ అది.

7. మళ్లీ పెట్టి చూడండి

అందరూ వదిలేసేది ఈ మెట్టే. బిడ్డ తేరుకుంది, ఇప్పుడెందుకు కెలకడం అనిపిస్తుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ జబ్బులు వాటంతట అవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ఎండాకాలంలో పాలు ఆపి దగ్గు తగ్గితే అది పాల వల్లో, కాలం మారడం వల్లో పాలు మళ్లీ ఇస్తేనే తెలుస్తుంది. తెలుసుకోకపోతే ఏళ్ల తరబడి ఆ బిడ్డ పాలకు దూరమైపోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఎగ్జిమా (మోచేతి మడతల్లాంటి చోట్ల దురదతో చాలాకాలం ఉండే చర్మ జబ్బు) ఉన్న పిల్లలకు పాలు, గుడ్డు, పల్లీ ఎక్కువ కాలం పూర్తిగా ఆపితే, మునుపు తట్టుకున్న ఒళ్లు తర్వాత పెట్టినప్పుడు తీవ్రమైన అలర్జీ చూపించవచ్చు. అందుకే ఇలాంటి పిల్లలకు, టెస్టు పాజిటివ్ ఉన్న పిల్లలకు మొదటి ముద్ద ఆసుపత్రిలో డాక్టర్ ముందే పెట్టించాలి. మిగతావాళ్లకు కూడా డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టండి.

బిడ్డకు జలుబు, జ్వరం లేని రోజు, ఆదివారం కాకుండా ఆసుపత్రి తెరిచి ఉండే రోజు, పొద్దున పూట. రాత్రి పూట వద్దు. కొత్త సబ్బు, కొత్త మందు, కొత్త కూర ఏవీ ఆ వారం వద్దు.

పాలైతే మొదటి రోజు ఒక చెంచా ఇచ్చి రెండు గంటలు కళ్ల ముందే ఉంచుకోండి. రెండో రోజు పావు గ్లాసు, మూడో రోజు అర గ్లాసు. నాలుగో రోజు నుంచి మామూలుగా తాగే మోతాదు, అలా వారం దాకా. గోధుమ అయితే పావు చపాతీ, సగం, ఒకటి, తర్వాత మామూలుగా. గుడ్డు అయితే ముందు బాగా కాలిన కేకులో ఉన్నది, తర్వాత గట్టిగా ఉడికిన గుడ్డు, చివర్న ఆమ్లెట్. బాగా వేడిలో ఉడికిన గుడ్డు చాలామంది పిల్లలకు పడుతుంది. చర్మం దురద ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది కాబట్టి తొందరపడి "పడింది" అని ముగించకండి. మార్కులు మునుపటిలాగే రాస్తూ ఉండండి.

బాధ తిరిగి వస్తే ఆపి, పూర్తిగా తగ్గేదాకా ఆగండి. తేలికపాటి బాధే అయితే డాక్టర్‌తో మాట్లాడి మరోసారి అదే వరసలో పెట్టి చూడొచ్చు. రెండుసార్లూ అదే జరిగితే అనుమానం గట్టిపడినట్టే. దద్దుర్లు, వాపు, పిల్లికూతలు వస్తే మాత్రం రెండోసారి ఇంట్లో ప్రయత్నం లేదు, నేరుగా ఆసుపత్రికే. వారం రోజులు నిండుగా తిన్నా ఏమీ కాకపోతే ఆ తిండి పడినట్టు. ఇంకో అనుమానం ఉంటే కొన్ని రోజులు ఆగి దాన్ని మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి.

8. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

నోట్‌బుక్, బరువులు రాసిన కార్డు, చర్మం ఫొటోలు, అనుమానం వచ్చిన ప్యాకెట్ల ఖాళీ కవర్లు, వాడుతున్న మందుల సీసాలు ఒక సంచిలో పెట్టుకుని వెళ్లండి. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో పిల్లల విభాగాలున్నాయి. బీబీనగర్ ఎయిమ్స్‌కు, హైదరాబాద్‌లో నిలోఫర్‌కు కూడా వెళ్లొచ్చు. పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పథకం కింద బడికి వచ్చే డాక్టర్లకు చూపిస్తే పెద్ద ఆసుపత్రికి రాసిస్తారు.

ఈ మూడు అడగండి. ఈ తిండి పూర్తిగా మానాలా, తక్కువ మోతాదు పెట్టొచ్చా? బదులు ఏం ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి? మళ్లీ ఎప్పుడు పరీక్షించాలి? మూడో ప్రశ్నకు జవాబు తేదీతో సహా రాయించుకోండి. పాలు, గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి పెరిగేకొద్దీ అవి పడడం మొదలవుతుంది. అందుకే ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూస్తారు. ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద గుండ్రంగా గీసి, పక్కన ఆ తిండి పేరు రాసిపెట్టండి.